స్వర్ణకుమారి ఓడిపోయిన ఎన్నిక

కెనడాలో బో నది పొంగి కాల్గరీని ముంచిపోయిన పన్నెండో ఏట, బడుల బోర్డుకి ట్రస్టీల ఎన్నిక అయిన నెల తరవాత, సస్కటూన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ధాత్రి ఆ ఊళ్ళోని పల్లేపు సంతోషం గారింటికి వచ్చింది. ఆయన మాటల్లో మహా పొదుపరి. ఆ ఎన్నికలో ఓడిపోయింది ఆయన కూతురు స్వర్ణకుమారే. కూతురు, అల్లుడు డేవిడ్‌సన్ డ్యూటీలకి, మనవరాలు అబిగేల్ బడికి పోగా ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరే.

"టీ చల్లారిపోతాది."

"తాగుతా అంకుల్. ముందు ఈ పని అయిపోనియ్యండి. రికార్డర్‌లో ఒక్క మాట చెప్తే చాలు, సరే అని."

"దేనికి సరే?"

"మీ వాట్సాప్ గ్రూపులో మీరు పెట్టినవి మా పరిశోధన పేపర్‌లో రాసుకోవడానికి. అందరూ చెప్పేశారు. లక్ష్మమ్మ గారు చెప్పారు, కాశీవిశ్వనాథం గారు చెప్పారు. మీరొక్కరే మిగిలారు."

"నేనేం పెట్టాను? నేను మాట్టాడే మనిషినే కాదు."

"అందుకే, తొందరగా అయిపోతది కదా."

"నేనొకటి అడుగుతాను. నువ్వు చెప్తే నేను చెప్తాను."

"అడగండి."

"ఎవరు?"

"ఎవరంటే... ఏది ఎవరు?"

"నీకు తెలుసు."

"అంకుల్, టీ బాగుంది. అల్లం వేశారా?"

"మా స్వర్ణ మీద పుట్టించిన అబద్ధం. ఎవరు?"

"ఆ వాయిస్ మెసేజ్ ఎక్కడ పుట్టిందో నాకూ తెల్వదు. ఎవరో ఆడమనిషి గొంతు. వేరే ఊరి గ్రూపుల్లో తిరిగి తిరిగి మీ 'ఉదయ వందనాలు' గ్రూపులో పడింది. ఆమె ఎవరో, ఎందుకు చేసిందో... ఎంత వెతికినా దొరకలే."

"పుట్టించినోళ్ళని వదిలెయ్. మన గ్రూపులో దాన్ని నిజమన్నది ఎవరు?"

"అట్ల ఒక్కరని ఏం..."

"ఒక్కరే. ముందు ఎవరూ నమ్మలేదంట. ఎవరో పెద్దమనిషి అవునన్నాడంట, అప్పుడు అంటుకుందంట. గుడిలో పాస్టర్ అయ్యగారు చెప్పారు. ఓట్లు లెక్కపెట్టేశాక చెప్పారు. అప్పటిదాకా నాకు అసలు సంగతే తెలవదు. ఇంట్లో ఎవరూ నా చెవిన వెయ్యలేదు."

"ఆ పెద్దమనిషి ఎవరని అయ్యగారిని అడగలేదా?"

"అడిగాను. ప్రార్థన చేద్దాం అన్నారు."

"మరి లక్ష్మమ్మ గారిని?"

"పొయ్యి మీద పప్పుందని వెళ్ళిపోయింది. మాట్టాడుతున్నది పార్కులో."

"అయ్యో."

"కాశీవిశ్వనాథాన్ని అడిగితే దగ్గొచ్చింది. ఎంత దగ్గాడంటే, మంచినీళ్ళు నేనే తెచ్చి తాగించాల్సొచ్చింది. తాగి, థాంక్స్ అన్నాడు. ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడూ ఇంగ్లీషు ముక్క మాట్టాడలేదు."

"నాకు నవ్వు రావట్లేదు అంకుల్."

"నవ్వమని చెప్పలేదు."

"తెలిస్తే మాత్రం ఏం చేస్తారు?"

"గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడతాను."

"నిలబడి?"

"మా పిల్ల నీకేం చేసిందయ్యా అని అడుగుతాను. అంతే. మళ్ళీ వచ్చేస్తాను."

"అంతేనా?"

"ఇంకేముంది చెయ్యడానికి? అది నాలుగు నెలలు గుమ్మం గుమ్మం ఎక్కింది. దేనికనుకున్నావ్? బస్సుకి. వీధి చివర ఆగే స్కూల్ బస్సు తీసేశారు కదా, దాన్ని మళ్ళీ తెప్పిస్తానని. ఈ ఐసు మీద ముసలోళ్ళం పిల్లల చెయ్యట్టుకుని నడిచి, ఎక్కడ జారి పడతామోనని. ఎవరి కోసం నిలబడిందో వాళ్ళే ఓడగొట్టారు."

"వాళ్ళు భయపడ్డారు అంకుల్. ఆమె గెలిస్తే ఇంగ్లీషు పరీక్ష పాసైనోళ్ళే మనవల్ని బడి నుంచి తీసుకుపోవాలి, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు అని కదా ఆ మెసేజ్."

"భయపడరా మరి! ఇక్కడ ముసలోళ్ళకి రోజంతటికీ ఉన్న పని ఆ ఒక్కటే. దాని కోసమే నీళ్ళోసుకుని చొక్కా మారుస్తాం. అది కూడా లాగేసుకుంటారంటే ఎవడు ఓటేస్తాడు? నేనైనా వెయ్యను."

"మీ కూతురికైనా?"

"ఊరికే అన్నాను."

"ఆ ఎన్నికని మామూలుగా ఎవరూ పట్టించుకోరు. అదే రోజు మేయర్ ఎన్నిక కదా, ఆ పేరు దగ్గర టిక్కు పెట్టి పోతారు. మనవాళ్ళు మాత్రం ఈసారి కొడుకుల్ని, కోడళ్ళని లేపి, కార్లెక్కి మరీ వచ్చారు. అందుకే తేడా పడింది."

"నువ్వు అన్నీ చూస్తానే ఉన్నావ్."

"ఆ. గ్రూపులో ఉన్నా కదా. మీరే చేర్చారు, గుర్తుందా? 'చదువుకునే పిల్ల, మన గురించి రాసుకుంటాదంట' అని అందరికీ చెప్పింది మీరే."

"గుర్తుంది. అది అబద్ధమని నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. బోర్డు రూల్స్ చూసిన. అసలు ట్రస్టీకి అట్లాంటి అధికారమే లేదు."

"ఆ రోజే."

"అవును."

"నోరు తెరిచి ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"చెప్పకూడదు అంకుల్."

"ఎవరన్నారు?"

"మా పని పద్ధతే అది. ఈ ప్రాజెక్టు యూరప్‌లోది. మీడియా, జనం ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరు, దాంతో ప్రజాస్వామ్యం ఏమైపోతుందీ... దాని మీద అక్కడి ప్రొఫెసర్లు చాలా ఏళ్ళ నుంచి పని చేస్తున్నారు. వలస వచ్చినోళ్ళ గ్రూపులు చూడ్డం నా వాటా. చూసేవాళ్ళు చూడాలి గానీ కల్పించుకోకూడదు. నేను నోరు తెరిస్తే అది మీ గ్రూపు కాదు, నేను చెడగొట్టిన గ్రూపు అవుతది. రెండేళ్ళ పని పనికిరాకుండా పోతది."

"ఇల్లు కాలతా ఉంటే?"

"అంకుల్..."

"చెప్పు. ఇల్లు కాలతా ఉంటే ఏం చేస్తారు మీ వాళ్ళు?"

"ఏ పక్క నుంచి అంటుకుందో రాసుకుంటాం."

"నీళ్ళు?"

"నీళ్ళు పొయ్యడం వేరేవాళ్ళ పని. ఆ వేరేవాళ్ళు ఎవరో నాకూ తెల్వదు. మా ప్రొఫెసర్‌ని అడిగిన ఒకసారి. మనం రాసింది చదివి వాళ్ళు నేర్చుకుంటారు అన్నాడు."

"ఎవరు చదువుతారు?"

"నిజం చెప్పాల్నా? ఇట్లాంటివే రాసేటోళ్ళు."

"ఊఁ."

"తిట్టండి అంకుల్. తిడితే బాగుంటది."

"నాకు తిట్లు ఎక్కువ రావు. నువ్వు పేరు చెప్పు, నేను సరే అంటాను."

"చెప్పలేను. ఒకళ్ళు పెట్టింది ఇంకొకళ్ళకి చెప్తే నన్ను చదువులోంచే తీసేస్తారు. ఎవరిది వాళ్ళకి చెప్పొచ్చు, అంతవరకే. మీది మీకు చెప్పొచ్చు."

"నాది నాకెందుకు?"

"అదే నేనూ అంటున్నా. మీకెందుకు? సరే అనేస్తే..."

"ఆగు."

"ఏంటి?"

"నాది చెప్పొచ్చన్నావు."

"రూలు ఉందని చెప్పిన, అంతే."

"నేను మాట్టాడనే మాట్టాడను. నాకు రాయడం రాదు. మూడో తరగతిలో ఆపేసి చేపల రేవులో ఐసు కొట్టడానికి పోయినోణ్ణి. నాది ఏముంటాది?"

"ఏమీ లేదనుకోండి."

"అనుకోవడం ఏంటి? ఉందా, లేదా?"

"అంకుల్, అబిగేల్‌ని తీసుకురావడానికి టైమ్ అవ్వలేదా?"

"ఇవాళ స్వర్ణే తీసుకొస్తాది. ధాత్రీ, నా మొహం చూడు. ఉందా?"

"...ఉంది."

"చెప్పు."

"మీరు రోజూ పొద్దున్నే లేచి ఏం చేస్తారు అంకుల్, ఫోన్ తీసి?"

"అందరికీ వందనాలు పెడతాను."

"ఎట్ల పెడతారు?"

"ఆ బొమ్మ ఉంది కదా, చేతులు జోడించింది. ఎవరేం పెట్టినా దాని కింద అది పెడతాను. అందరూ పెడతారు. పెట్టకపోతే మర్యాద కాదు. ఒకరోజు ఆంజనేయప్రసాద్ గారి దానికి పెట్టడం మర్చిపోతే, నా మీద ఏమన్నా కోపమా అని వారం రోజులు ముభావంగా ఉన్నాడు."

"విని పెడతారా?"

"ఏంటి?"

"వాయిస్ మెసేజ్‌లు. విని పెడతారా, వినకుండా పెడతారా?"

"తెల్లారగట్ల మోత పెడితే పిల్ల లేస్తాది. అన్నీ కూర్చుని ఎవడు వింటాడు? వాక్యమే కదా, ప్రార్థనే కదా, సుగరుకి మెంతులే కదా. పెట్టేస్తాను. వరసగా..."

"ఆ రోజు కూడా వరసగానే పెట్టారు. ఆ మెసేజ్ రాగానే లక్ష్మమ్మ గారు అడిగారు, 'ఇది నిజమేనా, మన స్వర్ణ అట్లా చేస్తుందా' అని. కాశీవిశ్వనాథం గారు, 'చెయ్యదమ్మా, ఎవరో గిట్టనోళ్ళు' అన్నారు. అందరూ అట్లనే అనుకుంటున్నారు. అప్పుడు మీ చేతులు వచ్చినయ్. ఆ మెసేజ్ కిందనే."

"నేను వినలేదు."

"తెలుసు అంకుల్. అంత పొడుగు మెసేజ్, మీరు తెరవను కూడా తెరవలే."

"నేను వినలేదమ్మా."

"వాళ్ళకి తెల్వదు కదా. 'కన్నతండ్రే దణ్ణం పెట్టాడు, ఇంకేం అనుమానం' అన్నారు లక్ష్మమ్మ గారు. అక్కడి నుంచి పోయింది. సీతాదేవి గారి భజన గ్రూపుకి, క్రికెట్ పిల్లల గ్రూపుకి, అపార్ట్‌మెంట్ గ్రూపులకి... ఎక్కడికి పోయినా ఆ మాట ముందు పోయింది, మెసేజ్ వెనక పోయింది. తండ్రే ఒప్పుకున్నాడంట అని."

"పప్పు."

"ఏంటి అంకుల్?"

"లక్ష్మమ్మ గారు. పార్కులో. పొయ్యి మీద పప్పుందంది."

"మీకు తెలిసే అడుగుతున్నారేమో అనుకుని ఉంటారు. పాపం, ఏం చెప్పాలో తోచక."

"నాకు నీళ్ళివ్వు."

"ఇదిగో. మెల్లగా తాగండి. అంకుల్, నేను చెప్పకూడదనే అనుకున్నా. ఊరికే సరే అనిపించుకుని పోదామని..."

"మా వాళ్ళ గుమ్మాల ముందుకెళ్ళి అడిగాను, ఎవరు ఎవరని. కాశీవిశ్వనాథానికి నీళ్ళు తాగించి మరీ అడిగాను."

"వాళ్ళెవ్వరూ మీ గురించి చెడ్డగా అనుకోలే. తండ్రి అయ్యుండీ నిజం చెప్పాడు, గొప్పోడు అన్నారు."

"గొప్పోడు."

"అవును."

"అది ఇంకా ఘోరం కదమ్మా. నీ కాగితంలో ఏమని రాశావ్?"

"వద్దు అంకుల్."

"చెప్పు."

"మీ గురించే ఎక్కువ ఉంది. పేరుండదు, ఏడో మనిషి అని ఉంటది. అభ్యర్థికి తండ్రి, మూడో తరగతి చదువు, వచ్చిన మెసేజ్‌లు చదవలేడు, వినడు, మర్యాద కోసం అన్నిటికీ చేతులు జోడిస్తాడు అని. అట్లాంటి ఒక్క బొమ్మ ఒక ఎన్నికని ఎట్ల తిప్పిందీ అని. మా ప్రొఫెసర్ చదివి రాత్రంతా నిద్రపోలేదంట. ఇట్లాంటి ఉదాహరణ ఇన్నేళ్ళలో చూడలే అన్నాడు. లక్ష్మమ్మ గారి మాటనే పేపర్‌కి పేరు పెట్టారు. తెలుగులోనే ఉంచి, పక్కన ఇంగ్లీషులో అర్థం రాశారు."

"సంతోషపడ్డాడా?"

"పడ్డాడు."

"నువ్వు?"

"నాకు యూరప్‌లో ఉద్యోగం వస్తదేమో అనిపించింది. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా. తర్వాత సిగ్గనిపించింది. తర్వాత మళ్ళీ ఉద్యోగం గుర్తొచ్చింది."

"నేను సరే అనకపోతే?"

"మీ భాగమంతా తీసెయ్యాలి. తీస్తే పేపరే ఉండదు. ఏం ఫర్వాలేదు అంకుల్, అనకండి. నేను పోతా."

"మా స్వర్ణకి తెలుసా? ఆ చేతులు నావని?"

"నాకు తెల్వదు. ఆమె ఆ గ్రూపులో లేదు. ఎవరన్నా చూపించారో లేదో నేనెప్పుడూ అడగలే. అడగకూడదు కూడా."

"తెలిస్తే ఇంట్లో ఇట్టా ఉండదు. నాకు రోజూ అన్నంలోకి పెరుగు తోడెట్టి పోతాది. తెలవదు. దానికి తెలవకూడదు."

"నేను చెప్పను."

"ఎప్పుడూ."

"ఎప్పుడూ చెప్పను."

"అయితే రికార్డర్ పెట్టు."

"అంకుల్, ఆలోచించండి. పేరు లేకపోయినా ఈ ఊళ్ళో చదివినోళ్ళకి తెలిసిపోతది. యూరప్ డబ్బుతో చేసిన పని ఎవరైనా ఊరికే చదువుకునేటట్టు పెట్టాలని రూలు. ఫోన్‌లో నొక్కితే వస్తది."

"ఇంగ్లీషులోనా?"

"ఇంగ్లీషులోనే."

"మా గ్రూపులో ఎవడు చదువుతాడు? చదివినా చదవకపోయినా దానికి కూడా దణ్ణం పెడతారు. పెట్టు రికార్డర్."

"సాయంత్రంలోపు పంపేస్తా. పంపినంక వెనక్కి తీసుకోవడం కుదరదు. అది కూడా చెప్పాలి మీకు, రూలు."

"విన్నాను. ఇది మాత్రం విన్నాను."

"...ఆన్ చేసిన."

"నా పేరు పల్లేపు సంతోషం. సరే."

పొద్దు గుంకుతుండగా స్వర్ణకుమారి పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. ధాత్రి అప్పటికి లాప్‌టాప్ సంచిలో సర్దుకుంటోంది.

"ధాత్రీ, నువ్వింకా ఉన్నావా! భోంచేసి వెళ్ళు. అబిగేల్, బూట్లు అక్కడ కాదు, ఆ బోర్డు మీద పెట్టు."

"మమ్మీ, ఇట్స్ యువర్ ఫేస్!"

"నా మొహమే. బాగా గట్టిగా ఉంది, నీళ్ళు కిందకి దిగవు. గరాజ్ నిండా ఉన్నాయి నాన్నా, ఎన్నికల బోర్డులు. ఇంకో పది శీతాకాలాలకి సరిపోతాయి."

"మళ్ళీ నిలబడితే పనికొస్తాయి కదక్కా."

"నేనా? వద్దు తల్లీ. డేవిడ్‌సన్‌తో కూడా చెప్పేశాను. ఇక ఆ ఊసు ఎత్తొద్దని. నాన్నా, ఏంటి అట్టా ఉన్నావ్? జ్వరమా?"

"కాదు."

"ఏం మాట్టాడుకున్నారు మీరిద్దరూ?"

"ఏం లేదు."

"ధాత్రీ?"

"మామూలుగానే అక్కా. పెద్దవాళ్ళు ఫోన్లు ఎట్లా వాడతారు, అదే."

"మా నాన్నని ఇందులోకి లాగలేదు కదా?"

"పేర్లు ఏమీ ఉండవక్కా."

"పేర్లు కాదు నేనడిగేది. పేపరు పంపేశావా?"

"ఇందాకే. పోయింది."

"చూపించి పంపాల్సింది."

"అన్నం పెట్టమ్మా స్వర్ణా, ఆ పిల్లకి. దూరం పోవాలి."

"పెడతాను. నువ్వెందుకు నాన్నా చేతులు అట్టా దాచుకుంటున్నావ్? చలా?"

"చలే."

మర్నాడు పొద్దున సంతోషం గారు ఫోన్ ముట్టుకోలేదు. డ్యూటీకి బయల్దేరుతున్న కూతురి దగ్గరికి పోయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు నాన్నా, కారు వేడెక్కింది."

"నీతో ఒకటి చెప్పాలి."

"సాయంత్రం చెప్పు."

"సాయంత్రానికి నోరు రాదు. ఇంకొకరి నోట నువ్వు వినకూడదు. ఆ అబద్ధానికి చేతులు జోడించింది నేనేనమ్మా. నన్ను చూసే అందరూ నమ్మారంట."

"తలుపు వెయ్యి, చలి లోపలికొస్తోంది."

"వింటన్నావా?"

"విన్నాను. నాకు ఆ రోజే తెలుసు నాన్నా. నువ్వు పళ్ళు తోముకునే లోపే ఎవరో ఫొటో తీసి పంపారు."

"తెలిసి... తెలిసి నన్నొక మాట అనలేదే?"

"ఏమని అంటాను? నువ్వు వినకుండా పెడతావని నాకు తెలియదా?"

"మరి వాళ్ళకి చెప్పుకోవాల్సింది కదమ్మా."

"నాతో ప్రచారానికి తిరిగిన జయదేవ్ అదే అన్నాడు. రాసి కూడా తెచ్చాడు, ఒక్కటే వాక్యం. 'మా నాన్నకి చదువు రాదు, ఏది వచ్చినా తెలియక దణ్ణం పెట్టేస్తాడు, పట్టించుకోవద్దు' అని. అది అన్ని గ్రూపుల్లో పెడితే ఆ పూటే సద్దుమణుగుతుంది, గెలుస్తావు అన్నాడు."

"ఎందుకు పెట్టలేదు?"

"మా నాన్నకి చదువు రాదని లోకమంతా చదువుకునేలా రాసి, ఆ గెలుపుతో వెళ్ళి బడుల బోర్డులో కూర్చోమంటావా?"